మొదటి సూది

పొట్టమీద, బొడ్డుకు నాలుగు వేళ్ళ ఎడంగా సూది దిగింది, బయటికొచ్చింది. ఆ చోట గుండ్రటి చిన్న ప్లాస్టరు అతికించి, నర్సు లిగాయ గోడ గడియారం వైపు చూసి తొమ్మిదీ పది అని పైకి చదివి కాగితం మీద రాసుకుంది. ఇంతేనా అనిపించింది వర్నీస్‌కి. ఇన్ని వారాలుగా రక్తం తీసి, గుండె చప్పుళ్ళు గీతలుగా గీయించి, ఇరవై రెండు పేజీల కాగితాల మీద పేజీకో సంతకం పెట్టించుకుని, దద్దురు, వాంతి, తలనొప్పి అన్న మాటల పక్కనే అదే సైజు అక్షరాల్లో మరణం అన్న మాట కూడా చదివించి, చివరికి చేసింది చీమ కుట్టినంత పని. ఎలుకల్లోకి వెళ్ళింది, కోతుల్లోకి వెళ్ళింది, మనిషి ఒంట్లోకి ఈ మందు వెళ్ళడం భూమ్మీద ఇదే మొదటిసారి అని డాక్టర్ హెల్లర్ నిన్న చెప్పినప్పుడు ఆమె తల ఊపింది గానీ, ఆ మాట ఇప్పుడే, ప్లాస్టరు అంచు చర్మాన్ని పట్టుకుని లాగుతుంటేనే, లోపలికి దిగింది. వెళ్ళిందో లేదో కూడా తెలియదు. ఈ రోజు ఇద్దరికే వేశారు, తనకీ పక్క మంచం మీది థర్మన్‌కీ. ఇద్దరిలో ఒకరికి మందు, ఒకరికి ఉప్పునీళ్ళు. ఎవరికేదో లిగాయకి తెలియదు, డాక్టరుకీ తెలియదు. రేపటిదాకా ఈ ఇద్దరూ బాగుంటే మిగతా ఆరుగురికీ వేస్తారు. ఆ ఆరుగురూ పక్కగదిలో డామినోలు ఆడుకుంటున్నారు. బిళ్ళలు బల్లమీద పడుతున్న చప్పుడు, మధ్య మధ్య ఎవరిదో పెద్ద నవ్వు, తలుపు సందులోంచి వినిపిస్తున్నాయి.

"ఎలా ఉంది మిస్ వర్నీస్?" అంది లిగాయ. ఐదు నిమిషాలకొకసారి అడుగుతుందట, మొదటి గంటంతా.

"బాగానే ఉంది."

"బాగానే అంటే? కొత్తగా ఏమైనా?"

"ఆకలి కొత్తదేం కాదుగా."

లిగాయ నవ్వింది గానీ ఆకలి అని కూడా రాసుకుంది. అది చూసి వర్నీస్‌కి వింతగా అనిపించింది. ఇరవై ఏళ్ళుగా బాల్టిమోర్ వీధుల్లో సిటీ బస్సు నడుపుతోంది. ఎన్ని వేలమంది ఎక్కి దిగారో, ఎలా ఉన్నావని ఎంతమంది అడిగారో లెక్కలేదు, జవాబు కోసం ఆగినవాళ్ళు మాత్రం చేతివేళ్ళ మీద కూడా లేరు. ఇక్కడ ఒక మనిషి కుర్చీ లాక్కుని కూర్చుని, ఆమె గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో, ఊపిరి ఎన్నిసార్లు ఆడుతోందో చూసి రాస్తోంది.

"నోరు కాస్త కట్టిపెట్టుకోవాలి చెల్లెమ్మా," అన్నాడు థర్మన్, లిగాయ రక్తం సీసాలు తేవడానికి అటు తిరగగానే. యాభై దాటిన మనిషి, సన్నగా, చక్కగా గడ్డం దువ్వుకుని ఉంటాడు. ఇదే అతని పని. ఈ ఊళ్ళో ఒకటి, ఫిలడెల్ఫియాలో ఒకటి, ఇలా ఒక చోట మందు ఒంట్లోంచి పోయేదాకా ఆగి ఇంకో చోటికి వెళ్తుంటాడు. "నువ్వు తల నొప్పెట్టిందన్నావనుకో, వాళ్ళు రాస్తారు. రాసిందింక చెరగదు. అది ఆకలి వల్లయినా, కాఫీ లేకయినా, మందు మీదికే పోతుంది. నేనైతే బాగుంది, బాగుంది, బాగుంది. పదిహేనేళ్ళుగా అదే పాట."

"నిజంగా ఏమైనా అయితే?"

"నిజంగా అయితే వాళ్ళకే కనబడుతుందిలే. నేలమీద పడుంటాం కదా."

వర్నీస్ నవ్వి కళ్ళు మూసుకుంది. బాగుంది, బాగుంది. ఆ మాట ఆమెకి కొత్త కాదు. చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో బాగున్న పిల్ల తనే. అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ సికిల్ సెల్ జబ్బు తాలూకు జన్యువు ఒక్కొక్కటి ఉంది, ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. ఇద్దరి దగ్గర్నుంచీ మంచిదే తీసుకుని వర్నీస్ పుట్టింది, నాలుగేళ్ళ తర్వాత ఇద్దరి దగ్గర్నుంచీ చెడ్డదే తీసుకుని డెల్ఫీన్ పుట్టింది. ఒకే కడుపు, ఒకే గది, ఒకే మంచం, ఒకే దువ్వెన. డెల్ఫీన్ ఒంట్లో మాత్రం ఎర్ర కణాలు కొడవళ్ళలా వంకరపోతాయి, ఒకదాన్నొకటి పట్టుకుని సన్నటి దారుల్లో ఇరుక్కుంటాయి. వెనకాల రక్తం ఆగిపోతుంది. అప్పుడు ఎముక లోపల ఎలా ఉంటుందో డెల్ఫీన్ చాలాసార్లు చెప్పబోయింది, ప్రతిసారీ మధ్యలో ఆపేసింది. నీకెలా తెలుస్తుందిలే నీసీ, అనేది. కోపంతో కాదు. ఎవరైనా తమకి రాని భాషలో అడిగితే ఎలా చేయి ఊపేస్తారో అలా.

ఆగస్టు నెల. డెల్ఫీన్‌కి తొమ్మిది, తనకి పదమూడు. అమ్మ లాండ్రీలో పొద్దుటి షిఫ్టుకి వెళ్ళింది. వీధిలో రాతి మెట్లు కాళ్ళు కాలేంత వేడిగా ఉన్నాయి, పార్కులో ఈతకొలను నీళ్ళు మాత్రం చల్లగా, మందు వాసనతో, నీలంగా ఉన్నాయి. చల్లటి నీళ్ళలోకి దిగకూడదు డెల్ఫీన్, చలి తగిలితే నొప్పి మొదలవుతుంది. గట్టుమీద కూర్చుని పాదాలు కూడా తడపకుండా ఎన్ని వేసవులు చూసిందో. పది నిమిషాలు నీసీ, అమ్మకి చెప్పకు. ఆ పది నిమిషాల్లో దాని మొహం. నీళ్ళలో మునిగి లేచి, కళ్ళలోంచి నీళ్ళు తుడుచుకుని, ఇంత బాగుంటుందని నాకెందుకు చెప్పలేదు అన్నట్టు తనవైపు చూసిన ఆ చూపు. ఇంటికొచ్చే దారిలో సగం దూరంలో కాళ్ళు పట్టేశాయి. మూడు వీధులు వీపుమీద మోసుకొచ్చింది. అమ్మ పరుగెత్తుకొచ్చి ఏమైందంటే, మెట్లమీంచి పడిందని చెప్పింది వర్నీస్. పడింది అన్న ఆ ఒక్క మాట పట్టుకుని ఆసుపత్రిలో రెండు గంటలు మోకాలి ఎముక విరిగిందేమోనని ఫొటోలు తీశారు. డెల్ఫీన్ అక్కడ పడుకుని పళ్ళు బిగబట్టి అక్కవైపే చూసింది, ఇచ్చిన మాట ఇద్దరూ నిలబెట్టుకున్నారు. తర్వాత ఇరవై ఏళ్ళకి దాని తుంటి ఎముక చచ్చిపోయిందన్నప్పుడు, ఈ జబ్బులో అది మామూలే, దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. అడిగింది కాబట్టి చెప్పాడు. నమ్మడం వర్నీస్ వల్ల కాలేదు.

"తొమ్మిదీ ఇరవై. ఎలా ఉంది?"

"బాగుంది."

పదిలో ఎంత నొప్పి, అని అడుగుతారు ఆసుపత్రుల్లో. డెల్ఫీన్ తొమ్మిది అంటుంది. ఎదుటి మనిషి ఆమె మొహం చూస్తాడు, చేతిలో ఫోను చూస్తాడు, గోళ్ళకి వేసుకున్న రంగు చూస్తాడు, కాగితం మీద ఐదు వేస్తాడు. నొప్పి మందు కోసం నాటకాలాడేవాళ్ళు ఎక్కువైపోయారంటాడు గోడవైపు తిరిగి, గోడకి చెప్పినట్టు. మంచి బట్టలు కట్టుకుని వెళ్తే ఈమెకి అంత నొప్పి ఎక్కడుంది అంటారు, ఇంట్లో ఉన్న బట్టలతో వెళ్తే మత్తుకు అలవాటుపడ్డ మనిషి అంటారు. అందుకని డెల్ఫీన్ తలుపు వెనక ఒక కొక్కేనికి ఆసుపత్రి బట్టలని వేరే పెట్టుకుంది. ఉతికినవే, ఇస్త్రీ చేయనివి. చెవులకి చిన్న పోగులు, పెదాలకి రంగు వద్దు. ఆ బట్టలు తొడుగుతూ, చేతులు పైకెత్తలేని మనిషికి చేతులు ఎత్తి తొడుగుతూ, వర్నీస్ ఎన్నోసార్లు అనుకుంది, ఒక్కరోజు, ఒక్క పూట ఇది నాకు మార్చుకోవడానికి వీలుంటే బాగుండునని. అది ప్రేమేనా, సిగ్గా, ఆమెకి తెలియదు. ఆరోగ్యంగా ఉన్న మనుషులు కావాలి అన్న ప్రకటన, సికిల్ సెల్ కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా చేసే కొత్త సూది అన్న మాట, బస్సు డిపోలో నోటీసుబోర్డు మీద చూసినప్పుడు ఆ కాగితం కింద వేలాడుతున్న చీటీ చించి జేబులో పెట్టుకుంది. నెలకొక్క సూది. పనిచేస్తే డెల్ఫీన్ ఈతకొలనులో దిగుతుందా అని మొదటి రోజే అడిగింది. డాక్టర్ హెల్లర్ నవ్వలేదు. అది మనకింకా తెలియదండీ, ఇప్పుడు మనం చూసేది పనిచేస్తుందా అని కాదు, హాని చేస్తుందా అని, అన్నాడు.

ముందే చెబితే వద్దంటుందని, ఇక్కడ చేరాక నిన్న సాయంత్రం ఫోనులో చెప్పింది. "నిన్నెవరడిగారు?" అంది డెల్ఫీన్. "మన ఇంట్లో బాగున్నది నువ్వొక్కదానివి. అది కూడా పాడుచేసుకుంటావా? నాకు చేసిపెట్టేది చాలదా, నా కోసం జబ్బు కూడా తెచ్చుకోవాలా?" ఫోను పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

కుడి అరచేయి దురద పెట్టింది. వర్నీస్ దుప్పటి మీద రుద్దుకుంది. గడియారం తొమ్మిదీ ముప్పై మూడు. లిగాయ అప్పుడే వచ్చి వెళ్ళింది, బాగుంది అని చెప్పేసింది, ఇంకా రెండు నిమిషాలుంది. దురదకేముంది, స్టీరింగు పట్టుకునే చేయి, ఎప్పుడూ ఏదో ఒకటి. ఎడమ చేయి కూడా. తలలో, జడపాయల మధ్య, ఎవరో సన్నటి దువ్వెన మెల్లగా గీసినట్టు. భయం అనుకుంది. మరణం అన్న మాట చదివించి పడుకోబెడితే ఎవరికైనా దురద పెడుతుంది. బస్సులో కొత్త చప్పుడు వినిపిస్తే మొదట అద్దాలు దించి బయట వింటుంది, తర్వాత సీట్లలో ఎవరైనా ఏదైనా కదుపుతున్నారేమో చూస్తుంది, అప్పుడు గానీ ఇంజను అనుకోదు. ఇక్కడ దించడానికి అద్దాలు లేవు. లిగాయ మళ్ళీ రెండుసార్లు వచ్చి అడిగింది, రెండుసార్లూ బాగుంది అనేసింది. గొంతులో ఏదో ఉంది. మింగింది. పోలేదు. మింగుతూ ఉంటే ఎవరికైనా గొంతులో ఏదో ఉన్నట్టే ఉంటుంది. ఇంకోసారి మింగకుండా ఉందామనుకుంది, ఉండలేకపోయింది. పక్కగదిలో బిళ్ళలు గలగలా కలుపుతున్నారు. ఎవరో ఓడిపోయినట్టున్నారు.

అంటే మందు తనకే పడింది. ముందు ఆ ఆలోచన వచ్చింది, దానివెంట పిచ్చి సంతోషం లాంటిది కూడా వచ్చింది. డెల్ఫీన్ కోసం తయారవుతున్నది తన ఒంట్లో ఉంది. దాని వెనకాలే థర్మన్ మాట. రాసిందింక చెరగదు. ఎన్నేళ్ళు పట్టిందో ఈ సీసా ఇక్కడిదాకా రావడానికి, ఇది ఆగిపోతే ఇంకొకటి ఎన్నేళ్ళకొస్తుందో. డెల్ఫీన్‌కి నలభై మూడు. పోయిన శీతాకాలం ఆ కణాలు ఊపిరితిత్తుల్లో ఇరుక్కున్నాయి, పదకొండు రోజులు గొట్టం వేసి ఉంచారు. ఇంకో పదేళ్ళు ఆగమని దానికి ఎవరు చెబుతారు? దురద. ఒక్క దురద. రోగుల్లో ఎవరిని అడిగినా, ఎముక లోపల అగ్గి కంటే దురద నయమనే అంటారు. నోరుమూసుకుంటే అరగంట గడుస్తుంది, గంట గడుస్తుంది, సాయంత్రానికి ఏమీ ఉండదు, రేపు ఆరుగురికి వేస్తారు, ఆ తర్వాత పదహారుమందికి, ఆ తర్వాత డెల్ఫీన్‌కి. తను చేయాల్సింది ఒక్కటే. ఇది పెద్దది కాదు, చిన్నది. పదిలో మూడు. రెండనుకున్నా తప్పులేదు.

రెండు.

ఆ అంకె మనసులో వేసుకున్నాక, కాగితం మీద ఐదు వేసే చేయి గుర్తొచ్చింది. తొమ్మిదిని ఐదు చేసే మనుషుల్ని ఎంత తిట్టుకుంది, ఒకసారి ఒకడి చొక్కా పట్టుకోబోతే కాపలా మనిషి వచ్చి బయటికి పంపించాడు. వాళ్ళు ఎవరి నొప్పినో తగ్గించి రాశారు. తను తన నొప్పినే తగ్గించి రాస్తోంది, అదీ డెల్ఫీన్ పేరు చెప్పి. ఆరుగురికి, పదహారుమందికి, డెల్ఫీన్‌కి అని వరస లెక్కపెట్టింది గానీ, ఆ వరస చివర ఉన్నది ఎవరో ఇప్పుడు గానీ తట్టలేదు. ఇరవై ఏళ్ళు బస్సు నడిపిన ఒళ్ళు తనది, అందులోనే గొంతు ఇలా బిగుస్తోంది. పదకొండు రోజులు గొట్టంతో ఉన్న ఊపిరితిత్తుల్లో ఇదే బిగిస్తే? అప్పుడు డెల్ఫీన్ గొంతు పట్టుకుని చెబుతుంది, ఊపిరాడటం లేదని. ఎదురుగా ఉన్నవాళ్ళు పాత కాగితాలు తీసి చూస్తారు. ఇంతకుముందు ఎవరికీ ఇలా కాలేదే అంటారు. మొదటి మనిషి బాగుంది, బాగుంది అనే చెప్పిందే అంటారు. మెట్లమీంచి పడిందని చెప్పిన పిల్ల మళ్ళీ ఒకసారి చెప్పినట్టు.

"లిగాయా," అని పిలిచింది. గొంతు తనది కానట్టు, గరుకుగా వచ్చింది.

"ఏయ్ చెల్లెమ్మా," అన్నాడు థర్మన్ మెల్లగా. తర్వాత ఆమె మొహం చూసి, అతనే మంచం మీంచి సగం లేచి, "నర్సమ్మా, ఇటు రండి, తొందరగా," అని గట్టిగా కేకేశాడు.

"చేతులు దురద," అంది వర్నీస్. "తల కూడా. గొంతులో ఏదో అడ్డంగా. పది నిమిషాలైంది. ఇందాకే చెప్పాల్సింది."

లిగాయ ఎందుకు చెప్పలేదని అడగలేదు. నిజమేనా అని అడగలేదు. మొహం వంక చూసి కొలవలేదు. గౌను మెడ పక్కకి లాగి, అక్కడ ఎర్రగా లేచిన దద్దుర్లు చూసి, గోడమీది బొత్తాం నొక్కింది. డాక్టర్ హెల్లర్ పరుగెత్తుకొచ్చాడు, వెనకాల ఇంకెవరో ట్రాలీ తోసుకొచ్చారు. తొడలో ఇంకో సూది. ఇది చీమ కుట్టినట్టు లేదు. కాళ్ళు పైకి లేపారు, మొహం మీద మాస్కు, లోపల ప్లాస్టిక్ వాసన గాలి. గుండె ఒక్కసారిగా తలుపులు బాదినట్టు బాదుకుంది, చేతులు వాటంతటవే వణికాయి, పైకప్పులో దీపాలు దగ్గరికొచ్చాయి. ఎవరో చేయి పట్టుకున్నారు, ఎవరిదో తెలియలేదు, వేళ్ళు పొట్టిగా, వెచ్చగా ఉన్నాయి. పోతున్నానేమో అనుకుంది, దానికంత భయం కూడా వేయలేదు, డెల్ఫీన్ తిడుతుందే అని మాత్రం అనిపించింది. తర్వాత గొంతులో అడ్డం కొంచెం పక్కకి జరిగింది. ఇంకొంచెం. గాలి కిందిదాకా, పొట్టదాకా దిగింది.

గడియారం పదీ పది అయ్యేసరికి డాక్టరు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది.

"ఈ రోజంతా ఇక్కడే చూస్తూ ఉంటాం. మళ్ళీ వచ్చే అవకాశం ఉంది, వస్తే చూసుకుంటాం. మీరు ఇక బాగానే ఉంటారు."

"మందు?"

"ఆపేశాం. ఆ ఆరుగురికీ వేయం."

"ఇంక అయిపోయినట్టేనా అది?"

"తెలియదండీ. మందే కారణం కావచ్చు, మందు కలిపిన ద్రవం కావచ్చు. వెతకాలి. మార్చి మళ్ళీ మొదటినుంచి రావచ్చు, రాకపోవచ్చు. మీకు తీపి మాటలు చెప్పలేను." లేచి, తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "రేపు పొద్దున ఆరుగురికి పావుగంటకొకరికి చొప్పున వేసేవాళ్ళం. మీరు ఇంకో పది నిమిషాలు ఆగి ఉంటే ఈ రోజే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు."

పక్కగదిలో డామినోల చప్పుడు లేదు. ఎవరో వాళ్ళకి చెప్పినట్టున్నారు. కుర్చీలు జరుగుతున్నాయి, సంచుల జిప్పులు లాగుతున్నారు. ఇంత దూరం వచ్చి వట్టి చేతులతో పోవాలా అని ఒక గొంతు విసుక్కుంది, ఆవిడెవరో తట్టుకోలేకపోయిందట అని ఇంకో గొంతు. వాళ్ళు ఆ మాటలు అనుకుంటూ తమ కాళ్ళమీద నడిచి మెట్లు దిగి పోతున్నారు.

థర్మన్ తన మంచం మీద కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చున్నాడు. "అయితే నాకు నీళ్ళన్నమాట," అన్నాడు. "నిన్న సాయంత్రం నుంచి తిండి మాని, ఉప్పునీళ్ళు పొడిపించుకున్నాను." కాసేపు తన చేతులవైపు, మోచేతి మడతల్లో గట్టిపడిన చుక్కలవైపు చూసుకున్నాడు. "రెండేళ్ళ కిందట ఒకచోట నాకు ఎడమ కన్ను మసకబారింది. మూడు రోజులు. బాగుంది అన్నాను." "ఆ మందు ఇప్పుడు దుకాణాల్లో ఉంది," అన్నాడు, ఆమెవైపు చూడకుండా.

ఫోను మధ్యాహ్నం డెల్ఫీనే చేసింది. ఆసుపత్రి వాళ్ళు చెప్పారట, దగ్గరివాళ్ళ పేరు రాయమన్న చోట చెల్లెలి పేరే రాసింది కదా. ఎత్తగానే తిట్లు మొదలవుతాయనుకుంది వర్నీస్. అటునుంచి ఊపిరి మాత్రమే వినిపించింది, వెనకాల వేడినీళ్ళ సంచి కదిలిన చప్పుడు.

"ఆపేశారు డెల్ఫీ," అంది వర్నీస్. "నేను చెప్పాను కాబట్టి ఆపేశారు. నీకు అందేదేమో. నేనే..."

"నోర్ముయ్," అంది డెల్ఫీన్. గొంతు సన్నగా ఉంది, ఏడ్చినట్టుంది. "ఎలా ఉంది నీకు?"

"ఇప్పుడేం లేదు. బాగుంది."

"అది కాదు నేనడిగింది. అప్పుడు. ఎలా ఉండింది?"

వర్నీస్ కిటికీవైపు చూసింది. నలభై ఏడేళ్ళలో ఇలా చెప్పుకోవలసింది ఆమెకి ఏదీ జరగలేదు, మాటలు ఎక్కడ ఉంటాయో, ఏది ముందు పట్టుకోవాలో తెలియలేదు. చిన్నదేలే, ఊరికే కంగారుపడ్డారు, అనబోయింది.

"తగ్గించి చెప్పకు," అంది డెల్ఫీన్. "నాకేం పనిలేదు, పడుకునే ఉన్నాను. మొదటినుంచి చెప్పు. ముందు ఎక్కడ?"

"చేతిలో."

"ఏ చేయి?"

"కుడిచేయి," అంది వర్నీస్. "అరచేతిలో, బొటనవేలి కింద. దురదే గానీ, పైపైన కాదు, లోపల ఎక్కడో గోకితే అందని చోట. తర్వాత..."

"ఊఁ," అంది డెల్ఫీన్.